ఆయన అనుమానమంతా రాయి మీదే

అల్లుడూ,

మొన్న ఫోన్‌లో మీ రొయ్యల కంపెనీ క్వాలిటీ ఆయన గురించి చాలాసేపు గోల పెట్టావు. ప్రతి లోడుకీ అడ్డం పడుతున్నాడని, ఒక్క మెయిల్‌కి పదకొండు ప్రశ్నలు తిరగ్గొట్టాడని. మీ అత్త పక్కనుంది కాబట్టి అప్పుడు నిన్ను ఏమీ అనలేకపోయాను.

నేను చీమకుర్తిలో గ్రానైట్ డిస్పాచ్ చూసే రోజుల్లో మాకూ ఒకాయన ఉండేవాడు. బ్లాక్ రాగానే నీళ్లు కొట్టించి పక్కనే నిలబడేవాడు. రాయి ఆరేటప్పుడు పగులున్న చోట తడి ఆఖరిదాకా నిలిచి, సన్నటి గీతలాగా కనపడుతుంది. ఆ గీత కోసం ఆయన కాపలా. నాకేమో లారీ తొందర. "బ్లాక్ గెలాక్సీ రాయిలో బంగారు చుక్కలు చూసి కొంటారుగానీ, నీ గీతలెవరు చూస్తారు సామీ" అని ఎగతాళి చేసేవాణ్ణి.

ఒకసారి 20 మిల్లీమీటర్ల స్లాబులు లోడవుతుంటే మందం కొలిచే వెర్నియర్ పట్టుకొచ్చి, 22 వస్తోంది ఆపండి అన్నాడు. రెండు మిల్లీమీటర్లకి ఇంత గొడవేంటని సంతకం పెట్టి పంపించేశాను. ఆ రాయి 20 మిల్లీమీటర్ల మందంలో చదరపు మీటరు సుమారు 60 కేజీలు తూగుతుంది. రెండు పెరిగితే ఇంకో ఆరు. కంటైనర్‌లో 430 చదరపు మీటర్లున్నాయి. లెక్క నువ్వే వేసుకో. కాటా మీద రెండున్నర టన్నులు ఎక్కువ తేలింది. రాత్రి పదింటికి క్రేన్ పిలిపించి స్లాబులు దించుతుంటే ఆయనా వచ్చి నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆయన అనుమానమంతా రాయి మీదే. నేనే దాన్ని నా మీదికి లాక్కున్నాను.

పదకొండింటి మీటింగ్‌కి పదకొండింటికే కాగితం ఇస్తున్నావు నువ్వు. అట్లాంటి మనిషికి ముందురోజు సాయంత్రమే ఇవ్వు, చదువుకుని వస్తాడు. "దాదాపు అయిపోయింది" అనే మాట ఆయన దగ్గర వాడబాక. ఎన్ని అయ్యాయి, ఎన్ని మిగిలాయి, అంకె చెప్పు. తెలియకపోతే రేపు మధ్యాహ్నానికి చెప్తానను, ఆ మధ్యాహ్నం తప్పబాక.

అట్లాగని అన్నిటికీ తలూపమనడం లేదు. ఇట్లాంటివాళ్లకి చూడటం ఆపడం చేతకాదు, త్వరగా తెమల్చమంటే ఇంకా బిగుసుకుంటారు. ఆ రాత్రి తర్వాత మేమిద్దరం కూర్చుని రాసుకున్నాం, మందంలో ఎంత తేడా దాకా వదలొచ్చు, ఏది కనపడితే లారీ కదలకూడదు అని. గీత ఎక్కడ గియ్యాలో కాగితం మీద ఉన్నాక, "పోనీయండి" అనే మాట ఆయన నోటే వినడం మొదలైంది.

ట్రైనింగ్‌లో మీ క్వాలిటీ ఆయన్ని 'సి' రకం, అంటే ప్రతిదీ తరచి చూసే రకం, అన్నారని చెప్పావు. 1928లో మార్‌స్టన్ అనే అమెరికా సైకాలజిస్టు మనుషుల తీరును నాలుగుగా విడదీశాడు, డి, ఐ, ఎస్, సి అనే ఆ అక్షరాలు అక్కణ్ణించి వచ్చినవే. పనికొస్తే మనసులో పెట్టుకో. ఆయన ముందు మాత్రం ఎత్తబాక. ఏ ఆధారంతో అన్నారని అడుగుతాడు, నీ దగ్గర జవాబుండదు.

నువ్వు పంపిన ఆ పదకొండు ప్రశ్నలూ చదివాను. ఏడోది, నైట్రోఫ్యూరాన్ అనే యాంటీబయాటిక్ టెస్టు రిపోర్టు ఏ చెరువు రొయ్యలదని అడిగింది, అడిగి తీరాల్సిందే. ఆ మందు తేలితే యూరప్ నుంచి సరుకు తిరిగొస్తుంది. ముందు దానికి జవాబు రాయి. మిగతా వాటికి శుక్రవారం దాకా టైమడుగు, ఇస్తాడు.

మామయ్య,
ఒంగోలు