ప్రశ్నలూ జవాబులూ: కుర్చీలోంచి లేవని కథానాయకుడు

ఈసారి ఉత్తరాలన్నీ పాత అమెరికన్ టీవీ వెస్టర్న్‌ల (కౌబాయ్ కథల) గురించి, అందులోనూ నవ్వించే ఎపిసోడ్ల గురించి వచ్చాయి.

ప్రశ్న: వెస్టర్న్ సీరియళ్లు నేనెప్పుడూ చూడలేదు. తుపాకుల మోత తక్కువగా, సరదాగా ఉండే ఎపిసోడ్ ఒక్కటే చూడాలంటే ఏది చూడాలి? ముగింపు మాత్రం చెప్పకండి.

జవాబు: ‘మావెరిక్’ రెండో సీజన్‌లోని ‘షేడీ డీల్ ఎట్ సన్నీ ఏకర్స్’ చూడండి. 1958 నవంబరు 23న అమెరికాలో ఏబీసీ చానల్లో వచ్చింది. నలుపు తెలుపు, నిడివి గంటలోపే.

పేకాటలో గెలిచిన 15,000 డాలర్లతో బ్రెట్ మావెరిక్ (జేమ్స్ గార్నర్) రాత్రివేళ సన్నీ ఏకర్స్ అనే ఊరు చేరతాడు. బ్యాంకు మూసే వేళ దాటినా బ్యాంకరు జాన్ బేట్స్ (జాన్ డెనర్) లోపల పని చేసుకుంటూ ఉంటాడు. అంత డబ్బు జేబులో పెట్టుకుని పడుకోవడం ఎందుకని బ్రెట్ దాన్ని బేట్స్ చేతిలో పెడతాడు. తెల్లారి వెళ్లి అడిగితే బేట్స్ ఆ డబ్బు సంగతే తనకు తెలియదంటాడు. ఊళ్లో పరువున్నవాడు బ్యాంకరు, పైఊరి నుంచి వచ్చిన జూదరి బ్రెట్. ఎవరి మాట చెల్లుతుందో చెప్పనక్కర్లేదు.

మామూలు వెస్టర్న్ అయితే ఇక్కడ తుపాకీ బయటికి వస్తుంది. బ్రెట్ మాత్రం డబ్బు తిరిగి తీసుకుంటానని ఊరందరికీ వినబడేలా చెప్పి, హోటల్ వరండాలో ఊగే కుర్చీ వేసుకుని చాకుతో కర్రముక్క చెక్కుతూ కూర్చుంటాడు. దారినపోయేవాళ్లు ‘ఎంతవరకొచ్చింది?’ అని వెక్కిరింపుగా అడుగుతారు. ‘ఆ పనిమీదే ఉన్నా’ అంటాడు, అంతే. మర్నాడూ అదే ప్రశ్న, అదే జవాబు. ఈలోగా అతని తమ్ముడు బార్ట్ (జాక్ కెల్లీ), ఇంకొందరు పాత పరిచయస్తులు ఎవరికివారు ఒకరినొకరు ఎరగనట్టు ఊళ్లోకి దిగుతుంటారు.

ఈ ఎపిసోడ్ పట్టు అంతా ఆ కుర్చీలోనే ఉంది. ఊరి కళ్లు, బ్యాంకరు కళ్లు బ్రెట్ మీదే ఉంటాయి కాబట్టి అసలు పని జరుగుతున్న వైపు ఎవరూ చూడరు. పైగా ఆ పరిచయస్తులు పన్నే బేరంలోకి బేట్స్‌ని ఎవరూ రమ్మని పిలవరు. లాభం వాసన పట్టుకుని తనే చొరబడతాడు. పిలిచి అంటగట్టిన బేరాన్ని ఎవరైనా అనుమానిస్తారు, తానే కనిపెట్టాననుకున్న బేరాన్ని అనుమానించేవాళ్లు తక్కువ. చూసేటప్పుడు ఊళ్లోకి కొత్త మనిషి వచ్చినప్పుడల్లా వాళ్లు మొదట ఎవరితో మాట్లాడుతున్నారో గమనించండి. రెండోసారి చూసినా అంతే బాగుండటానికి కారణం అక్కడ దొరుకుతుంది.

ఒక్క సలహా. ఆ పరిచయస్తులంతా అంతకుముందు ఎపిసోడ్లలో విడివిడిగా వచ్చినవాళ్లే, అప్పట్లో కొందరు మావెరిక్‌లనే బురిడీ కొట్టించినవాళ్లు. వీలైతే ముందుగా 1957 అక్టోబరులో వచ్చిన ‘అకార్డింగ్ టు హోయిల్’ చూసి రండి. ఆ పరిచయస్తుల్లో ఒకరైన సమాంతా క్రాఫర్డ్ (డయాన్ బ్రూస్టర్) ఎలాంటి మనిషో అందులో తెలుస్తుంది. ఆమెను తెలిసి చూసే నవ్వు వేరు.

ప్రశ్న: కొన్ని ఎపిసోడ్లలో బ్రెట్ ఉంటాడు, కొన్నింట్లో బార్ట్ ఉంటాడు. ఒకే సీరియల్‌కి ఇద్దరు హీరోలెందుకు?

జవాబు: లెక్క కుదరక. ఎపిసోడ్ వారానికొకటి ప్రసారం కావాలి, ఒక ఎపిసోడ్ తీయడానికేమో ఎనిమిది రోజులు పట్టేది. ఏడు రోజుల వారంలో ఎనిమిది రోజుల పని పట్టదు గనక ఎనిమిదో ఎపిసోడ్‌తో తమ్ముణ్ని తెచ్చి, రెండు యూనిట్లతో సమాంతరంగా తీశారు. 1960లో స్టూడియోతో వచ్చిన కోర్టు తగాదా తర్వాత గార్నర్ వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఇంగ్లండులో పెరిగిన కజిన్ బ్యూగా రోజర్ మూర్ కొన్నాళ్లు కనిపిస్తాడు. సీరియల్ 1962 దాకా నడిచింది. హాస్యం కోసమే చూసేవాళ్లు మొదటి మూడు సీజన్లతో మొదలుపెట్టడం మంచిది.

ప్రశ్న: బ్రెట్ 25 పేకముక్కలు తీసి ఐదు మంచి పోకర్ చేతులుగా పేర్చి పందెం గెలుస్తాడు. నేను నాలుగుసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లు కుదరలేదు. అది కెమెరా మాయా?

జవాబు: మాయ కాదండీ. అది 1958 జనవరిలో వచ్చిన ‘రోప్ ఆఫ్ కార్డ్స్’ ఎపిసోడ్. ఆ ఆటకు ‘మావెరిక్ సాలిటేర్’ అనే పేరు స్థిరపడింది. బాగా కలిపిన 52 ముక్కల్లోంచి ఏ 25 తీసినా సుమారు నూటికి 98సార్లు కుదురుతుంది. మీకు కుదరలేదంటే ముక్కల తప్పు కాదు, పేర్చే వరసలో పొరపాటు.

ముందు నియమం చూడండి. ఒక్కో చేతికి ఐదు ముక్కలు, ఐదు చేతులు. ప్రతి చెయ్యీ కనీసం స్ట్రెయిట్ (వరసగా ఐదు అంకెలు) అయినా కావాలి. లేదా ఫ్లష్ (ఐదూ ఒకే జాతి), ఫుల్ హౌస్ (ఒకే అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు), ఫోర్ ఆఫ్ ఎ కైండ్ (ఒకే అంకెవి నాలుగు), స్ట్రెయిట్ ఫ్లష్ (ఒకే జాతిలో వరసగా ఐదు) కావచ్చు. ఆసును రెండుకు కిందా పెట్టుకోవచ్చు, రాజుకు పైనా పెట్టుకోవచ్చు.

మొదటి పని 25 ముక్కల్నీ ఇస్పేటు, ఆఠీను, డైమను, కళావరుగా నాలుగు వరసలు వేసి, ఒక్కో వరసలో అంకెల క్రమంలో పేర్చడం. ఇప్పుడు ఏ జాతిలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక్కో జాతిలోంచి ఐదేసి చొప్పున తీసేస్తే మిగిలేవి నాలుగుకు మించవు, కాబట్టి నాలుగు జాతుల్లో కలిపి 16కు మించవు. 25లోంచి ఐదేసి తీసేస్తే మిగులు ఐదు గుణిజమే కావాలి గనక గరిష్ఠం 15. అంటే ముక్కలు ఎలా పడినా రెండు ఫ్లష్‌లు మీ చేతిలో ఉన్నట్టే. మామూలుగా మూడో నాలుగో వస్తాయి.

చాలామంది ఇక్కడే పొరబడతారు. ఫ్లష్ కనిపించగానే చేతికందిన ఐదు ముక్కలు తీసి పక్కన పెట్టేస్తారు. చివరికి మిగిలే చెత్తతో ఏమీ కుదరదు. చేయాల్సింది దానికి తిరగేసి. ఉదాహరణకు ఇస్పేటు 7, మిగతా జాతులు ఆరేసి పడ్డాయనుకోండి. నాలుగు ఫ్లష్‌లు ఖాయం. మిగలాల్సినవి ఇస్పేటులో రెండు, మిగతా మూడింట్లో ఒక్కొక్కటి. ఏవి మిగలాలన్నది మీ ఇష్టం కాబట్టి ఆ ఐదో చేతినే ముందు వెతకండి. రెండు ఇస్పేట్లు, మూడు జాతులనుంచి ఒక్కో ముక్క కలిపితే 6-7-8-9-10 లాంటి స్ట్రెయిట్ వస్తుందేమో చూడండి. రాకపోతే ఫుల్ హౌస్: ఇస్పేటు, ఆఠీను, డైమను తొమ్మిదులు మూడు, ఇస్పేటు, కళావరు రాజులు రెండు అనుకోండి, లెక్క సరిపోయింది. అది తీసి పక్కన పెట్టాక నాలుగు జాతుల్లోనూ సరిగ్గా ఐదేసి మిగులుతాయి, నాలుగు ఫ్లష్‌లు వాటంతటవే వచ్చేస్తాయి.

9-8-4-4 లాంటి పంపకం కష్టమైంది. ఫ్లష్‌లు రెండే వస్తాయి, మిగతా 15 ముక్కల్లో మూడు చేతులు వెతకాలి. అప్పుడు ముందు ఒకే అంకెవి మూడేసి ఉన్నాయేమో చూసి ఫుల్ హౌస్‌లు తీయండి, స్ట్రెయిట్‌ల సంగతి తర్వాత. మధ్య అంకెలు 5, 10 విలువైనవి. ఏ స్ట్రెయిట్‌కైనా ఈ రెండింట్లో ఒకటి లేకుండా కుదరదు. వాటిని ఫ్లష్‌లో పడేసే ముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఇంకో సంగతి. స్ట్రెయిట్‌లు చెల్లవని నియమం పెడితే ఈ ఆట దెబ్బతింటుంది. పైన చెప్పిన ‘అకార్డింగ్ టు హోయిల్’ కథ ఆ మెలిక మీదే నడుస్తుంది. పందెం కట్టే ముందు స్ట్రెయిట్ చెల్లుతుందో లేదో తేల్చుకోవాలన్నది అందులో బ్రెట్ డబ్బు పోగొట్టుకుని నేర్చుకుంటాడు.

ప్రశ్న: మా కళాశాల నాటకంలో సెలూన్ (వెస్టర్న్‌లలోని సారాకొట్టు) కొట్లాట ఉంది. సీసా తలమీద పగిలేది నిజంగా చక్కెరతో చేస్తారా? మేము చేస్తే జిగురుగా సాగిపోయింది.

జవాబు: పాతరోజుల్లో చక్కెరతోనే చేసేవారు. తర్వాత రెజిన్‌లు వచ్చాక వాటికి మారారు. నాటకానికి చక్కెర చాలు.

చక్కెర మూడున్నర కప్పులు, నీళ్లు రెండు కప్పులు, కార్న్ సిరప్ ఒక కప్పు, క్రీమ్ ఆఫ్ టార్టార్ పావు చెంచా. చిన్న సెగమీద చక్కెర పూర్తిగా కరిగేదాకానే కలపండి, మరగడం మొదలయ్యాక గరిటె పెట్టొద్దు. గిన్నె అంచులకు అంటిన రవ్వల్ని తడి కుంచెతో కిందికి దించండి. ఒక్క రవ్వ ఉన్నా దానిచుట్టూ పలుకులు కట్టి అద్దం తెల్లగా మసకబారుతుంది. థర్మామీటరు 149 డిగ్రీల సెల్సియస్ చూపేదాకా ఓపిక పట్టాలి. నీరు ఆవిరయ్యేంతసేపు వేడి పెరుగుతున్నట్టే ఉండదు, అందుకే చాలామంది మధ్యలో దించేస్తారు. మీది సాగిందంటే కారణం దాదాపుగా ఇదే. 155 దాటితే రంగు పసుపుకు తిరుగుతుంది. సీసాకు అది నప్పుతుంది, కిటికీ అద్దానికి నప్పదు.

నూనె రాసిన లోహపు పళ్లెంలో నెమ్మదిగా ఒక పక్కనుంచి పోయండి, బుడగలు తగ్గుతాయి. సీసా కావాలంటే రెండు సగాలుగా అచ్చులో పోసి, అంచులు కొద్దిగా వేడిచేసి అతకాలి. మొదటిసారే సీసాకు పోకుండా పలకలు చేసి చూడండి. చక్కెర గాలిలోని తేమను లాగేసుకుంటుంది గనక ప్రదర్శన రోజునే చేసి, గాలి చొరని డబ్బాలో పెట్టి, చివరి నిమిషంలో బయటికి తీయండి. స్టేజి దీపాల వేడికీ మెత్తబడుతుంది.

రెండు జాగ్రత్తలు. మరిగిన పాకం ఒంటిమీద పడితే అతుక్కుని లోతుగా కాలుస్తుంది, గిన్నె దగ్గర పొడుగు చేతుల చొక్కా, మందపాటి చేతి తొడుగులు ఉండాలి. పగిలిన చక్కెర అంచు కూడా గీరుతుంది, ముఖంవైపు ఎప్పుడూ కొట్టొద్దు. టీవీలో కుర్చీలు విరగడానికి బాల్సా అనే చాలా తేలికైన కర్ర వాడి, విరగాల్సిన చోట ముందే కోత పెట్టేవారు. పిడికిలి ముఖానికి దూరంగానే పోతుంది. కెమెరా ఒకరి భుజం వెనక ఉంటుంది కాబట్టి ఆ ఖాళీ కనబడదు, చప్పుడు తర్వాత చేరుస్తారు. స్టేజిమీద ప్రేక్షకులు మూడువైపులా కూర్చుంటే ఈ కిటుకు పనిచెయ్యదు, కొట్లాటను ఒకవైపుకు తిప్పి పెట్టుకోవాలి.

ప్రశ్న: ‘మావెరిక్’లోని ‘గన్-షై’ చూశాను. అందరూ పేరడీ అంటారు, నాకు నవ్వు రాలేదు. ఏం మిస్సయ్యాను?

జవాబు: అసలుది. 1959 జనవరి 11న వచ్చిన ఆ ఎపిసోడ్ ‘గన్‌స్మోక్’ అనే గంభీరమైన వెస్టర్న్ సీరియల్ మీద పేరడీ. ‘గన్‌స్మోక్’ తొలి సీజన్లలో మార్షల్ (ఊరి పోలీసు అధికారి) డిలన్ శ్మశానంలో నడుస్తూ గంభీరంగా తనలో తాను మాట్లాడుకుంటాడు. డాక్టరూ, విశ్వాసపాత్రుడైన చెస్టరూ, సెలూన్ నడిపే కిట్టీ అతని చుట్టూ ఉంటారు. ‘గన్-షై’లో మార్షల్ మోర్ట్ డూలీ చుట్టూ అదే బృందం, అదే బరువు, కాకపోతే అన్నీ అర అంగుళం పక్కకు జరిగి ఉంటాయి. 1950ల చివర్లో వచ్చిన అరగంట ‘గన్‌స్మోక్’ ఎపిసోడ్లు మూడు చూసి మళ్లీ చూడండి. 1961 నాటి ‘త్రీ క్వీన్స్ ఫుల్’ కూడా ఇంతే. రాంచ్ (పశువుల క్షేత్రం) నడిపే తండ్రి, ముగ్గురు కొడుకుల సీరియల్ ‘బొనాంజా’ తెలిస్తేనే ‘సబ్‌రోసా’ అనే రాంచ్ పేరూ, మూస్, హెన్రీ, స్మాల్ పాల్ అనే ముగ్గురు కొడుకుల పేర్లూ పండుతాయి.

ప్రశ్న: ‘బొనాంజా’ అంటే తండ్రీ కొడుకుల బరువైన కథలే అనుకుంటాను. అందులోనూ హాస్యం ఉందా?

జవాబు: బోలెడు, ముఖ్యంగా కొడుకుల్లో ఒకడైన హాస్ (డాన్ బ్లాకర్) ఉన్నచోట. ఆకుపచ్చ బట్టల పొట్టివాళ్లను తాను చూశానంటే ఇంట్లో ఎవరూ నమ్మని ‘హాస్ అండ్ ద లెప్రకాన్స్’ (1963 డిసెంబరు) అందరూ చెప్పేదే. మా ఓటు మాత్రం అదే ఏడాది మార్చిలో వచ్చిన ‘ఎనీ ఫ్రెండ్ ఆఫ్ వాల్టర్స్’కు. ఓబీ (ఆర్థర్ హనికట్) అనే ముసలాయనకు వాల్టర్ అనే కుక్క ఉంటుంది. దానంత తెలివైంది లోకంలో లేదని ఆయన గట్టి నమ్మకం. వాల్టర్ మాత్రం ఏమీ చెయ్యదు, పడుకుని ఉంటుంది. అది పడుకుని ఉండగా హాస్ ముఖంలో ఓపిక ఒక్కో మెట్టే దిగజారడం చూడాలి. బ్లాకర్ ఎక్కడా నవ్వించాలని నటించడు, నిజంగా విసిగిన మనిషిలాగే ఉంటాడు. ఇక్కడా సన్నీ ఏకర్స్ పద్ధతే, కదలకుండా ఉన్నవాళ్ల చుట్టూ మిగతావాళ్లు హైరానా పడతారు. 1964 మేలో దీనికి కొనసాగింపుగా ‘వాల్టర్ అండ్ ది అవుట్‌లాస్’ వచ్చింది. దాన్ని ముందు చూడకండి, ఓబీ నమ్మకం ఎక్కడ మొదలైందో మొదటిదాంట్లోనే ఉంది.