15 ఏళ్ళు ఆగితే ఎమర్జింగ్ మార్కెట్ ఫండ్స్‌లో రిస్క్ పోతుందా?

అడిగినాయనకి ముప్పై దాటాయంట, ఇంకో 15 ఏళ్ళ దాకా ఆ డబ్బుతో పనిలేదంట, రిస్క్ ఎక్కువున్న ఎమర్జింగ్ మార్కెట్ ఫండ్‌లో, అంటే చైనా, ఇండియా లాంటి ఎదుగుతున్న దేశాల షేర్లు కొనే ఫండ్‌లో, పెట్టి మర్చిపోతే మంచి రాబడి వస్తుందా అని ప్రశ్న. పెట్టండి, నేనూ పెడుతున్నాను, కాకపోతే పెట్టి మర్చిపోకండి, షేర్లలో ఉన్న మీ మొత్తం డబ్బులో పదో వంతు దాటనివ్వకండి, ఒకే దేశం మీద నడిచే ఫండ్ జోలికి మాత్రం అస్సలు పోకండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా బావగారి సంగతి పక్కనుండి చూశాను.

ఆయన మా అక్క భర్త, లెక్కల్లో చాలా జాగ్రత్త మనిషి. అచ్చంగా రష్యా కంపెనీలే ఉండే ఫండ్‌లో కూతురి పైచదువు కోసం ఏళ్ళ తరబడి వేసుకుంటూ వచ్చాడు. ఆయన లెక్క తప్పని నేను ఇప్పటికీ అనను, చమురు, గ్యాస్ ఉన్న దేశం, షేర్లు చవక, డివిడెండ్లు బాగా ఎక్కువ. 2022 ఫిబ్రవరి చివర్లో యుద్ధం మొదలైంది, 28 నుంచి మాస్కో ఎక్స్చేంజ్‌లో షేర్ల ట్రేడింగ్ కొన్ని వారాలు ఆపేశారు. మార్చి 2న మా ఇంటికొచ్చి కూర్చున్నాడు, లండన్‌లో ట్రేడయ్యే రష్యా పెద్ద బ్యాంకు స్బెర్‌బ్యాంక్ రసీదు (షేరుకి బదులుగా బయటి దేశంలో కొని అమ్మే పత్రం) రేటు ఇద్దరం ఫోన్‌లో చూస్తున్నాం, అది ఒక్క సెంటుకి పడిపోయింది. నేను "అమ్మెయ్యండి బావా, వచ్చినంత రానివ్వండి" అంటే ఆయన తన ఫండ్ యాప్ తెరిచి నా చేతిలో పెట్టాడు. యూనిట్ల సంఖ్య ఎప్పట్లాగే ఉంది, పక్కన విలువ ఉండాల్సిన చోట చిన్న గీత, కింద అమ్మే బటన్ బూడిద రంగులో ఉంది, నొక్కినా కదల్లేదు. "అమ్మడానికి కొనేవాడేడిరా" అన్నాడంతే, టీ కూడా ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు. ఆ పిల్ల చదువుకి తర్వాత అక్క వాళ్ళు లోన్ తీసుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ మునిగింది కంపెనీలు కాదు, అది గమనించండి. బ్యాంకు బ్రాంచీలు తెరిచే ఉన్నాయి, గాజ్‌ప్రోమ్ గ్యాస్ తోడుతూనే ఉంది, బయటి దేశం మదుపరి చేతిలో ఉన్న షేరుకి మాత్రం విలువ లేకుండా పోయింది. మార్చి 9న షేర్ల సూచీలు (ఇండెక్స్‌లు) తయారుచేసే ఎంఎస్‌సీఐ కంపెనీ వాళ్ళు రష్యా షేర్లన్నిటినీ దాదాపు సున్నా ధర కట్టి ఎమర్జింగ్ మార్కెట్స్ ఇండెక్స్‌లోంచి తీసేశారు. నాది అదే ఇండెక్స్‌ని అనుసరించే ఫండ్, అందులో రష్యా వాటా అంతకుముందు మూడు నాలుగు శాతం మాత్రమే కాబట్టి నా దగ్గర పోయింది అంతే. నాకున్న ఓపికే బావకీ ఉంది, ఆయన ఇంకో ఇరవై ఏళ్ళయినా ఆగేవాడు, కానీ సున్నా అయిపోయిన దాని మీద ఎన్నేళ్ళు ఆగితే మాత్రం ఏమొస్తుంది.

అందుకే "లాంగ్ టర్మ్‌లో అన్నీ సర్దుకుంటాయి" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఈ ఇండెక్స్ 2007 అక్టోబర్‌లో డాలర్లలో 1,300 పైన ఉండేది, 2020 చివర్లో చూస్తే 1,290 దగ్గర ఉంది! పదమూడేళ్ళు, డివిడెండ్లు తప్ప చేతికి ఏమీ రాలేదు, అదే కాలంలో అమెరికా పెద్ద కంపెనీల ఇండెక్స్ ఎస్ అండ్ పి 500 రెట్టింపు దాటింది. మరి అమ్మేవాళ్ళు చూపించే గ్రాఫ్ ఎక్కడ మొదలవుతుందో చూశారా, ఎప్పుడూ 2003 దగ్గరే, ఎందుకంటే అక్కడి నుంచి 2007 దాకా నిటారుగా ఎక్కింది కాబట్టి. 2009లో 78 శాతం పెరిగిందని పెద్ద అక్షరాల్లో వేస్తారు, 2008లో 53 శాతం పడిందని అడుగున సన్న అక్షరాల్లో వేస్తారు. లెక్కేసుకోండి, 100 కాస్తా 47 అయ్యి, దాని మీద 78 శాతం పెరిగినా 84 దగ్గరే ఆగుతుంది.

ఇంకొకటి, జనాభా ఎక్కువ, కుర్రాళ్ళు ఎక్కువ, జీడీపీ పరుగులు పెడుతోంది కాబట్టి షేర్లూ పెరుగుతాయని చెప్తారు. చైనా కంటే వేగంగా పెరిగిన పెద్ద దేశం చూపించండి, అయినా ఎంఎస్‌సీఐ చైనా ఇండెక్స్ 1992 చివర్లో ఎక్కడుందో 2024 మొదట్లో దానికంటే కిందే ఉంది, కంపెనీలు కొత్త షేర్లు జారీ చేస్తూ పోతే పెరిగిన లాభం అందరికీ పంచుకోవాల్సి వస్తుంది, పాత వాటాదారుకి మిగిలేది తక్కువ. పైగా 2021 జూలైలో స్కూల్ పాఠాల ట్యూషన్ మీద లాభం తీయొద్దని ప్రభుత్వం ఒక్క ఆర్డర్ ఇచ్చేసరికి ఆ కంపెనీల షేర్లు కుప్పకూలాయి. కరెన్సీ సంగతి అసలు ఎవరూ మాట్లాడరు. 2021లో టర్కీలోని ఇస్తాంబుల్ ఇండెక్స్ అక్కడి కరెన్సీ లీరాల్లో 25 శాతం దాకా పెరిగింది, అదే ఏడాది డాలర్ ముందు లీరా 40 శాతం పైగా పడింది, బయటి నుంచి డబ్బు పెట్టినవాడికి చివరికి నష్టమే.

ఇన్ని చెప్పి మళ్ళీ నేనెందుకు ఉంచుకున్నానంటే, ఇవి అందరూ ఛీకొట్టినప్పుడు చవగ్గా దొరుకుతాయి, పడినప్పుడు వాటా పదో వంతుకి సరిపడా కొని, బాగా పెరిగినప్పుడు ఎక్కువైంది తీసేస్తాను. పెట్టి మర్చిపోతానంటే మాత్రం ఈ ఫండ్స్ మీకు పనికిరావు. ఫలానా ఏడాదికి ఖచ్చితంగా కావాల్సిన డబ్బు, పిల్లల ఫీజులు గానీ ఇల్లు గానీ, ఇందులో వద్దు.

కొనేముందు ఫండ్ వివరాల కాగితం, అదే ఫ్యాక్ట్‌షీట్‌లో దేశాల పట్టిక ఒకసారి తెరవండి. పేరుకి ఇరవై పైగా దేశాలు, నూటికి డెబ్బై పైనే చైనా, తైవాన్, ఇండియా, కొరియా నాలుగింట్లోనే ఉంటుంది, తైవాన్‌లో ఉన్న ఒక్క చిప్పుల కంపెనీ టీఎస్ఎంసీదే పెద్ద ముక్క. మీరుండేది ఆ నాలుగింట్లో ఒకటైతే, అక్కడి షేర్లు మీ దగ్గర ఇప్పటికే ఉంటే, ఆ వాటా కూడా పదో వంతులో కలిపి లెక్కేసుకోండి.