జ్వరం తగ్గకపోతే ముందు చీము సంగతి అడగండి

అపెండిక్స్ పగిలి ఆపరేషన్ అయిన మీ నాన్నగారికి కడుపులో చీముగడ్డ ఏర్పడిందని, 5 రోజులుగా క్లిండమైసిన్, జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్స్ ఎక్కిస్తున్నా జ్వరం తగ్గలేదని, చీములోని క్రిములను ల్యాబులో పెంచి చూసే కల్చర్ రిపోర్టులో మాత్రం బ్యాక్టీరియా ఏదీ పెరగలేదని వచ్చిందని రాశారు. మందులకు లొంగని బ్యాక్టీరియా అయి ఉంటుందా అని మీ అనుమానం. కావచ్చు. కానీ గొట్టం వేసి చీము బయటికి తీశారా? గడ్డ లోపలికి రక్తం వెళ్లదు, మందూ సరిగా చేరదు. చాలాసార్లు అసలు లోపం అక్కడే ఉంటుంది.

ఆ రిపోర్టు చూసి నిశ్చింతగా ఉండకండి. ఈ గడ్డల్లో ఉండే అనరోబిక్ (ఆక్సిజన్ లేని చోట బతికే) బ్యాక్టీరియాకు గాలి విషం. దూదిపుల్లతో అద్ది మామూలుగా పంపితే ల్యాబుకు చేరేలోపే చాలావరకు చచ్చిపోతాయి. సిరంజితో లాగిన చీమును ఆక్సిజన్ తగలని సీసాలో పంపాలి, ఫలితానికి కొన్ని రోజులు ఓపిక పట్టాలి.

ఇలాంటి గడ్డల్లో తరచూ కనిపించే అనరోబిక్ బ్యాక్టీరియా బాక్టీరాయిడీస్ ఫ్రాజిలిస్‌లో క్లిండమైసిన్‌కు లొంగని రకాలు బాగా పెరిగాయి. జెంటామైసిన్ బ్యాక్టీరియా కణంలోకి దూరాలంటే ఆక్సిజన్ ఉండాలి, కాబట్టి వీటి మీద అది దండగ, ఆక్సిజన్ ఉన్నా బతికే ఈ.కోలై వంటి పేగు బ్యాక్టీరియా కోసమే ఇస్తారు. మెట్రోనిడజోల్ అనే మరో మందు తీరు సరిగ్గా దీనికి తలకిందులు: ఆక్సిజన్ లేని చోటే చురుకెక్కి డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. నిమ్ అనే, ఈ మందును పనిచేయనీయని జన్యువులున్న కొన్ని రకాలు దాన్నీ తట్టుకుంటాయి గానీ, అవి అరుదు.

మెట్రోనిడజోల్ గానీ పైపెరాసిలిన్-టాజోబాక్టమ్ అనే జంట మందు గానీ సరిపడుతుందా అని డాక్టరును ఈరోజే అడగండి. మళ్లీ స్కాన్ తీయమనండి.