మాయా పిరమిడ్లను గ్రహాంతరవాసులు కట్టారా?

లేదు, మెక్సికో, గ్వాటెమాలా అడవుల్లోని ఆ పిరమిడ్లను కట్టింది అక్కడి మాయా ప్రజలే.

ఇనుప పనిముట్లు, బరువులు లాగే పశువులు లేకుండా ఎలా కట్టారన్నదే చాలామంది అనుమానం. అక్కడి సున్నపురాయి గనిలోంచి తీసిన కొత్తలో కాస్త మెత్తగా ఉంటుంది, చెకుముకి రాతి పనిముట్లతో చెక్కొచ్చు. గాలి తగిలే కొద్దీ గట్టిపడుతుంది. అదే రాయిని కట్టెలతో కాల్చి, సున్నం చేసి గచ్చు పూశారు. పైగా పిరమిడ్ మొత్తం చెక్కిన రాయేమీ కాదు, లోపలంతా మట్టీ రాళ్లముక్కలే. చాలాచోట్ల పాత గుడి మీదే కొత్తది కట్టుకుంటూ పోయారు.

మెక్సికోలోని మాయా నగరం పాలెంకేలో 1952లో తెరిచిన పకాల్ రాజు సమాధినే చూడండి. మూత మీద వెనక్కి వాలిన మనిషి రాకెట్ నడుపుతున్నాడని 1968లో స్విస్ రచయిత ఎరిక్ ఫాన్ డానికెన్ ప్రచారం చేశాడు. బొమ్మను అడ్డంగా తిప్పితేనే అది రాకెట్! నిలువుగా చూస్తే పైన పక్షి వాలిన విశ్వవృక్షం, కింద పాతాళం నోరు, మధ్యలో రాజు. మూత అంచున ఆయన పుట్టిన, చనిపోయిన (క్రీ.శ. 683) తేదీలు కూడా చెక్కి ఉన్నాయి.

మన దగ్గర ఇంకో అపోహ ఉంది: మయసభ కట్టిన మయుడి వంశమే మాయన్లని. పేర్లు కలవడం తప్ప ఆధారమేమీ లేదు, సంస్కృతానికీ మాయా భాషలకూ చుట్టరికం లేదు. వాళ్లు మాయమైపోయారన్నదీ తప్పే. తొమ్మిదో శతాబ్దంలో దక్షిణాది మాయా నగరాలు ఖాళీ అయ్యాయి గానీ, లక్షలాది మంది ఇప్పటికీ మెక్సికోలోని యూకటాన్‌లో, గ్వాటెమాలాలో మాయా భాషలే మాట్లాడుతున్నారు.