రష్యా ప్రయోగాల పట్టికలో ‘ఫ్రెగాట్’ అంటే ఏమిటి?

రాబోయే రష్యా ప్రయోగాల పట్టికలో ‘సోయుజ్-2.1బి/ఫ్రెగాట్’ అని రెండు పేర్లు కలిపి రాయడం చూస్తే, ఇవి రెండు రాకెట్లా అనే సందేహం రావచ్చు. కాదు, సోయుజ్ మూడు దశల రాకెట్ కాగా, దాని కొసన, ఉపగ్రహాలకు కింద అమర్చే అదనపు దశ పేరు ఫ్రెగాట్.

సోయుజ్ పని పది నిమిషాలలోపే ముగుస్తుంది. ఆ తర్వాత గంటల తరబడి శ్రమపడేది ఫ్రెగాటే. దాని ఇంధనమూ, దాన్ని మండించే ఆక్సీకారిణీ ఒకదానికొకటి తగిలిన వెంటనే వాటంతట అవే మండుతాయి కనుక, ఇంజిన్‌ను ఆపి ఏడుసార్ల వరకు వెలిగించడం సాధ్యమవుతుంది. ఒకే ప్రయోగంలో వేర్వేరు కక్ష్యలను అందుకోగలగడం ఈ సౌలభ్యం వల్లనే.

2024 నవంబరు 5న రష్యా తూర్పు కొసన ఉన్న ప్రయోగ కేంద్రం వోస్తోచ్నీ నుంచి జరిగిన ప్రయోగమే చూడండి. వాతావరణం పైభాగంలో విద్యుదావేశం ఉన్న పొర అయిన అయనోస్ఫియర్‌ను పరిశీలించే రెండు ‘అయనోస్ఫెరా-ఎం’ ఉపగ్రహాలను సుమారు 820 కిలోమీటర్ల ఎత్తున వదిలాక, ఫ్రెగాట్ ఇంకా కిందికి దిగి, ఇరాన్‌వి రెండు సహా 53 చిన్న ఉపగ్రహాలను విడిచిపెట్టింది. వాటిలో చాలావరకు క్యూబ్‌శాట్‌లు, అంటే 10 సెంటీమీటర్ల ఘనాలను ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుండే పెట్టెలు. వీటిని గొట్టంలాంటి అరలో కూర్చి, మూత తెరుచుకోగానే స్ప్రింగు బయటికి నెట్టేలా ఏర్పాటు చేస్తారు.

పట్టికలో ప్రయోగ కేంద్రం పేరు కూడా గమనించదగినది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరకులు మోసే ప్రోగ్రెస్ నౌకలు కజకిస్తాన్‌లోని బైకనూర్ నుంచి బయలుదేరతాయి, వాటికి ఫ్రెగాట్ అవసరం లేదు. ఉత్తర రష్యాలోని ప్లెసెత్స్క్ కేంద్రం పేరు ఉంటే అది చాలావరకు సైనిక ప్రయోగమే. అందులో ఏం వెళ్లిందని అడిగితే, ఇలాంటి ఉపగ్రహాలన్నిటికీ పెట్టే ‘కాస్మోస్’ అనే పేరు పక్కన ఒక సంఖ్య తప్ప పెద్దగా జవాబు దొరకదు.