ల్యాప్‌టాప్‌లో వైఫై మాటిమాటికీ తెగిపోతుంటే: కొత్తగా వచ్చిన గోదావరి పిల్లలకి

ఆగస్టులో అమెరికా, కెనడాల్లో దిగినవాళ్ళలో సగంమంది సెప్టెంబరు దాటకుండా అడిగే సందేహం ఇది. ఇంటికి వీడియో కాల్ చేస్తే పావుగంటకల్లా బొమ్మ బిగుసుకుపోతుంది. వైఫై గుర్తు పోయి భూగోళం బొమ్మ వస్తుంది. ఆపి మళ్ళీ కలిపితే కాసేపు పనిచేస్తుంది, మళ్ళీ అదే తంతు. రూమ్మేట్లలో ఒకరు రౌటర్ మార్చమంటారు, ఇంకొకరు విండోస్ మళ్ళీ ఎక్కించమంటారు, మూడోవారు ఈ ల్యాప్‌టాప్ పని అయిపోయిందంటారు. ఎక్కడ తెగుతోందో తేలేదాకా ఈ మూడింటిలో ఏదీ చెయ్యకండి.

మన శివారు చేలకి నీరు అందకపోతే ఏం చేస్తాం? ముందు మన బోదెలో గుర్రపుడెక్క అడ్డుపడిందేమో చూస్తాం, తరవాత తూము, తరవాత పంటకాలువ, ఆ తరవాత లాకులు. బోదె పూడిపోయి ఉండగా ధవళేశ్వరంలో కాలువల గేట్లు ఎత్తినా మన మడి తడవదు. ఇంటర్‌నెట్‌కీ అదే వరస: మీ ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ దాకా ఒక దారి, రౌటర్ నుంచి కంపెనీ లైను దాకా రెండోది, అక్కణ్ణుంచి బయటికి మూడోది. వైఫై అంటే మొదటి దారి ఒక్కటే.

తేల్చుకోవడానికి పది నిమిషాలు చాలు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లిష్ అక్షరాల్లో ఐపీకాన్ఫిగ్ అని కొట్టండి. డిఫాల్ట్ గేట్‌వే అన్నచోట కనిపించే నంబరే మీ రౌటర్. ఇళ్ళలో సాధారణంగా 192.168.1.1, 192.168.0.1, 10.0.0.1 వీటిలో ఒకటి ఉంటుంది. ఇప్పుడు రెండు కిటికీలు పక్కపక్కన పెట్టండి. ఒకదాంట్లో పింగ్, ఆ రౌటర్ నంబరు, చివర ఖాళీ వదిలి అడ్డగీతా టి అక్షరమూ. రెండోదాంట్లో అదే వరసలో 8.8.8.8, అది బయట ఉన్న గూగుల్ సర్వర్ నంబరు. అవతలివాళ్ళు జవాబిస్తున్నారా అని పింగ్ మాటిమాటికీ అడుగుతుంది. మ్యాక్‌లో ఆ చివరి టి అక్కర్లేదు, ఆపేదాకా దానంతటదే నడుస్తుంది. ఆపాలంటే కంట్రోల్, సి. రెండిటినీ అలా వదిలేసి మీ పని చేసుకుంటూ, నెట్ పోయిన క్షణంలో చూడండి.

రెండూ ఆగిపోతే మీ వైఫై తెగినట్టు. రౌటర్ జవాబిస్తూ 8.8.8.8 మాత్రం ఆగితే తప్పు లైనుది, మోడెముది. ల్యాప్‌టాప్‌లో ఏం మార్చినా ప్రయోజనం లేదు, కంపెనీకి ఫోన్ చెయ్యాలి. రెండూ జవాబిస్తున్నా పేజీలు తెరుచుకోకపోతే సైట్ల పేర్లని నంబర్లుగా మార్చే డీఎన్ఎస్, ఆఫీసు వీపీఎన్ లేదా గడియారం. తెగడానికి ముందు ఎలా ఉందో కూడా చూడండి. రౌటర్ దగ్గర్నుంచి మామూలుగా కొద్ది మిల్లీసెకన్లలో వచ్చే జవాబు 300, 800 అని ఎగబాకి ఆగిందంటే అది సాధారణంగా రద్దీ, లేదా దూరం. ఉన్నట్టుండి పుటుక్కున తెగితే ల్యాప్‌టాప్ వైఫై కార్డు మీద, దాన్ని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మీద, కరెంటు పొదుపు మీద అనుమానపడాలి. ఒక జాగ్రత్త: కొన్ని క్యాంపస్ నెట్‌వర్కుల్లో గేట్‌వే పింగ్‌కి అసలే జవాబివ్వదు, అక్కడ ఈ పరీక్ష నమ్మకండి.

“ఫోనులో బాగానే వస్తోంది కదా” అనేవాళ్ళు ముందు ఫోనులో మొబైల్ డేటా ఆపి మళ్ళీ చూడండి. వైఫై బలహీనపడగానే చాలా ఫోన్లు చప్పుడు చెయ్యకుండా మొబైల్ డేటాకి మారిపోతాయి. ఆ తేడా కనిపెట్టక నెలల తరబడి ల్యాప్‌టాప్‌ని తిట్టుకునేవాళ్ళున్నారు. ఇంకో ఖర్చులేని పరీక్ష: ల్యాప్‌టాప్‌ని ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి అరగంట వాడండి. అక్కడా తెగితే తప్పు ల్యాప్‌టాప్‌లోనే. హాట్‌స్పాట్ మీద తెగకుండా ఇంటి వైఫై మీదే తెగితే అది ఆ ఇంటి గాలిలోనో రౌటర్‌లోనో ఉంది.

ఆ గాలి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, అపార్ట్‌మెంట్లలో ఎక్కువ బాధలు దీనివల్లే. వైఫైకి ప్రధానంగా రెండు బ్యాండ్లు: 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. మొదటిది దూరం పోతుంది, గోడలు దాటుతుంది. కానీ అందులో ఒకదాన్నొకటి తగలకుండా పనిచేసే ఛానళ్ళు మూడే: 1, 6, 11. మీ అపార్ట్‌మెంట్‌లో ముప్ఫై ఇళ్ళ రౌటర్లు ఆ మూడింట్లోనే సర్దుకోవాలి. మైక్రోవేవ్ ఒవెన్ కూడా అదే బ్యాండ్‌లో పనిచేస్తుంది. పక్కవాళ్ళు అన్నం వేడిచేసుకున్నప్పుడల్లా మీ కాల్ తడబడితే ఆశ్చర్యమేం లేదు. యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కులు, డాకులు కూడా ఈ బ్యాండ్‌లోకే రొద చిమ్ముతాయని ఇంటెల్ 2012లోనే రాసి పెట్టింది. హార్డ్ డిస్కు తగిలించినప్పుడే నెట్ పోతుంటే దాన్ని అరగజం కేబుల్‌తో దూరంగా జరిపి చూడండి.

మనవాళ్ళకి ఇంకో చిక్కుంది. న్యూజెర్సీలో రాత్రి 10 అయితే వేసవి లెక్కన అమలాపురంలో మర్నాడు పొద్దున్న 7:30. అమ్మ కాఫీ తాగి ఫోను పట్టుకునే వేళ అది. ఇక్కడేమో బిల్డింగు బిల్డింగంతా సినిమాలు చూసే వేళ. కాల్ చేసినప్పుడే తెగుతోందంటే కారణం తరచుగా ఇదే. శనివారం పొద్దున్నే అదే కాల్ చేసి చూడండి, తేడా తెలిసిపోతుంది.

మందు 5 గిగాహెర్ట్జ్. రౌటర్ సెట్టింగుల్లో రెండు బ్యాండ్లకీ ఒకే పేరుంటే వేరు చేసి, ఐదుకి చివర 5 అని తగిలించి, ల్యాప్‌టాప్‌ని దానికే కలపండి. ఒకే పేరున్నప్పుడు ల్యాప్‌టాప్ రెంటి మధ్యా గెంతుతూ మధ్యలో తెగడం మామూలే. మన ఊళ్ళలో ఇటుక గోడలు, సిమెంటు శ్లాబుల్లో 5 బ్యాండ్ పక్క గదికే నీరసపడుతుంది. అమెరికా, కెనడా ఇళ్ళు ఎక్కువగా కర్ర చట్రం మీద జిప్సం పలకలు కొట్టినవి కాబట్టి ఒకటి రెండు గోడలు తేలిగ్గానే దాటుతుంది. లోహం ఉన్నచోట మాత్రం కాదు. బేస్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్ళు ఇది గమనించాలి. ఓనరుగారి రౌటర్ పైఅంతస్తులో, మీ నెత్తిమీద హీటర్ రేకు గొట్టాలు. అక్కడ ఏ సెట్టింగూ చాలదు. చౌక ఎక్స్‌టెండర్ కొనొద్దు, వచ్చే వేగంలో సగం అదే తినేస్తుంది. ఓనరుని మర్యాదగా అడిగి ఒక నెట్‌వర్క్ కేబుల్ కిందికి లాగించుకోండి. అది కుదరకపోతే గోడలో టీవీ కేబుల్ ఉంటే దాని మీదే నెట్ నడిపే మోకా అడాప్టర్ల జత వాడండి.

సిగ్నల్ ఎంతుందో అంకెల్లో చూడాలి, గీతలు నమ్మకండి. మ్యాక్‌లో ఆప్షన్ మీట నొక్కిపట్టి వైఫై గుర్తు నొక్కితే ఆర్ఎస్ఎస్ఐ అని వస్తుంది. మైనస్ 50 చాలా బాగున్నట్టు, వీడియో కాల్‌కి మైనస్ 67 దాకా ఫర్వాలేదు, మైనస్ 80 దగ్గర తెగుతుంది. విండోస్‌లో నెట్‌ఎస్‌హెచ్, డబ్ల్యూలాన్, షో, ఇంటర్‌ఫేసెస్ అని నాలుగు మాటలూ ఖాళీలతో కొడితే ఛానలూ, సిగ్నల్ శాతమూ చూపిస్తుంది.

విమానాశ్రయాల దగ్గర ఉండేవాళ్ళకి ఒక ప్రత్యేక రోగం. 5 బ్యాండ్‌లో 52 నుంచి 144 దాకా ఛానళ్ళు రాడార్లతో పంచుకునేవి. రాడార్ అలికిడి వినిపిస్తే రౌటర్ ఆ ఛానల్‌ని వెంటనే ఖాళీ చెయ్యాలి. అలాంటి ఇంకో ఛానల్‌లోకి మారాలంటే కనీసం 60 సెకన్లు విని మరీ మొదలుపెట్టాలి. దీని గుర్తు: ఇంట్లో 5 బ్యాండ్ మీదున్నవన్నీ ఒకేసారి తెగుతాయి, పేరే జాబితాలో కనిపించకుండా పోయి కాసేపటికి తిరిగొస్తుంది. ఛానల్‌ని ఆటో నుంచి తప్పించి 36, 40, 44, 48లలో ఒకటి పెట్టండి. అమెరికాలో 149 నుంచి 161 కూడా పనికొస్తాయి.

ఇక ల్యాప్‌టాప్. పుటుక్కున తెగే రకంలో మొదట చూడాల్సింది కరెంటు పొదుపు. డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద వైఫై కార్డు మీద కుడి నొక్కు, ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్, అక్కడ ‘అలౌ ద కంప్యూటర్ టు టర్న్ ఆఫ్ దిస్ డివైస్’ అన్న గడిలో టిక్కు తీసెయ్యండి. కొన్ని కొత్త మోడళ్ళలో ఆ ట్యాబే ఉండదు, వెతుక్కోనక్కర్లేదు. పక్కనే అడ్వాన్స్‌డ్ ట్యాబు ఉంటుంది. ఇంటెల్ కార్డయితే రోమింగ్ అగ్రెసివ్‌నెస్‌ని మీడియం నుంచి లోయెస్ట్‌కి దించండి. ఒకే రౌటర్ ఉన్న ఇంట్లో వేరేదాన్ని వెతకాల్సిన పని దానికి లేదు. ప్రిఫర్డ్ బ్యాండ్ 5 పెట్టండి.

డ్రైవర్‌ని విండోస్ అప్‌డేట్ మీద వదిలెయ్యకుండా ల్యాప్‌టాప్ తయారీదారు సైట్లో, అడుగున ఉన్న సీరియల్ నంబరు కొట్టి తెచ్చుకోండి. అప్‌డేట్ అయిన మర్నాటి నుంచే తెగుతోందా? అయితే డ్రైవర్ ట్యాబులో రోల్ బ్యాక్ నొక్కండి. నెట్‌వర్క్ రీసెట్ చివరి మెట్టు. దాచుకున్న వైఫై పాస్‌వర్డులన్నీ పోతాయి, వీపీఎన్ మళ్ళీ పెట్టుకోవాలి. పరీక్షల ముందు రాత్రి ఆ పని చెయ్యకండి.

క్యాంపస్‌లో మాత్రమే తెగితే కథ వేరు. యూనివర్సిటీల ఉమ్మడి వైఫై అయిన ఎడ్యురోమ్‌లో యూజర్‌నేమ్ పూర్తిగా, యట్ గుర్తు తరవాత యూనివర్సిటీ పేరుతో సహా ఇవ్వాలి. ఉత్త పేరుతో మీ క్యాంపస్‌లో కలిసినా పక్క యూనివర్సిటీలో కలవదు. యూనివర్సిటీ పాస్‌వర్డ్ మార్చినప్పుడల్లా ఎడ్యురోమ్‌ని ఫర్‌గెట్ చేసి, ఐటీవాళ్ళిచ్చే సెటప్‌తోనే మళ్ళీ కలపండి. హాస్టళ్ళలో పరికరాన్ని మ్యాక్ అడ్రస్‌తో (వైఫై కార్డు గుర్తింపు నంబరు, మ్యాక్ కంప్యూటర్‌తో సంబంధం లేదు) నమోదు చేసుకునే పద్ధతుంటే, ఆ నెట్‌వర్క్ వరకూ రాండమ్ హార్డ్‌వేర్ అడ్రస్ ఆపెయ్యాలి. లేకపోతే అడ్రస్ మారిన ప్రతిసారీ మీరు కొత్తవాళ్ళే.

గడియారం అన్నాను కదా. దిగగానే చాలామంది టైమ్ జోన్ ఇండియాదే ఉంచేసి అంకెల్ని మాత్రం చేత్తో స్థానిక సమయానికి తిప్పుతారు. అప్పుడు కంప్యూటర్ లోపలి అసలు కాలం న్యూజెర్సీ లెక్కన వేసవిలో తొమ్మిదిన్నర, చలికాలంలో పదిన్నర గంటలు తప్పుతుంది. ఐదు నిమిషాల తేడానే ఒప్పుకోని ఆఫీసు లాగిన్లున్నాయి, ల్యాప్‌టాప్‌లోని యాప్ తయారుచేసే ఓటీపీలూ చెల్లవు. నెట్ ఉన్నా ఏదీ తెరుచుకోదు, నింద వైఫై మీద పడుతుంది. టైమ్ జోన్ మార్చండి, సమయాన్ని ఆటోమేటిక్‌లో ఉంచండి.

ఇవన్నీ అయ్యాక కూడా మూత వంచినప్పుడల్లా సిగ్నల్ ఎగిరి పడుతుంటే అది యాంటెనా తీగ. సాధారణంగా తెరచుట్టూ ఉండే రెండు యాంటెనాల నుంచి సన్నని తీగలు కీలు గుండా దిగి కార్డు మీద నొక్కుడు బొత్తాల్లా కూర్చుంటాయి. కీలు విరిగిన ల్యాప్‌టాప్‌లో అవి నలుగుతాయి. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలిలో ఏళ్ళు గడిపిన ల్యాప్‌టాప్ అయితే ఆ మొనలకి చిలుము కూడా పట్టొచ్చు. విప్పే ముందు వారంటీ అంతర్జాతీయమా, ఇండియాకేనా చూసుకోండి. విప్పితే ముందు బ్యాటరీ తీగ పీకి, తరవాతే కార్డు ముట్టుకోండి.

కార్డు మార్చాల్సివస్తే చాలా మోడళ్ళలో 22 బై 30 మిల్లీమీటర్ల చిన్న పలక, ఒక్క స్క్రూ. కొన్నిటిలో బోర్డుకే అతికించేసి ఉంటుంది, అప్పుడు యూఎస్‌బీ వైఫై పుల్లే గతి. కొనేటప్పుడు ఎక్కువమంది తప్పేది ఇక్కడ: ఇంటెల్ వైఫై కార్డుల్లో ఏఎక్స్211 కొన్ని ఇంటెల్ ప్రాసెసర్లతోనే నడుస్తుంది, ఏఎక్స్210 మాత్రం ఏఎమ్‌డీ ల్యాప్‌టాప్‌లలో కూడా నడుస్తుంది. పేర్లలో ఒక్క అంకే తేడా.

అన్నీ సరిగ్గా ఉండి ఇంటి కాల్ ఒక్కటే తెగుతుంటే లోపం అవతల ఉందేమో అడగండి. మన పల్లెల్లో ఫైబర్ తీగ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదే వెళ్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండం పట్టిందంటే కొబ్బరిమట్ట పడి తెగడం ఉన్నదే. నాన్నగారిని ఫైబర్ పెట్టె మీద ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా వెలుగుతోందా అని అడగండి. ఎర్రగా ఉంటే తీగలో సిగ్నల్ రావట్లేదు, చాలావరకు తెగినట్టే, లైన్‌మన్ రావాల్సిందే. దీపాలేవీ లేకపోతే కరెంటు పోయింది. అడాప్టర్ మీద 12 వోల్టులనే ఉంటే అదే వోల్టేజి రౌటర్ యూపీఎస్ ఒకటి కొనిపెట్టండి, ఫైబర్ పెట్టెనీ రౌటర్‌నీ రెంటినీ దానికే తగిలించాలి.

సంక్రాంతికి వెళ్ళేటప్పుడు అమెరికాలో కొన్న ల్యాప్‌టాప్ తీసుకెళ్తే ఇంట్లో వైఫై పేరే కనిపించకపోవచ్చు. ఇండియాలో 2.4 బ్యాండ్ 13వ ఛానల్ దాకా ఉంది, అమెరికా రౌటర్లు 11తో ఆగుతాయి. ఆటోలో ఉన్న రౌటర్ 12 మీదో 13 మీదో కూర్చుంటే అమెరికా ల్యాప్‌టాప్ దాన్ని వినకపోవచ్చు, అందరి ఫోన్లూ హాయిగా నడుస్తుంటాయి. రౌటర్ సెట్టింగుల్లోకి వెళ్ళి ఛానల్ 1, 6, 11లలో ఒకటి పెట్టి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్ చేసి, సేవ్ నొక్కండి.