ఆ బండ మీదున్నది చెట్టు కాదమ్మా: రాళ్ళ గురించి పాఠకుల ప్రశ్నలు

పోయిన నెల బెలుం గుహల గురించి నాలుగు మాటలు రాశానో లేదో, ఉత్తరాలు, ఫోటోలు వరస కట్టాయి. సగం ఫోటోల్లో రాయి కన్నా పట్టుకున్నవాళ్ళ బొటనవేలే పెద్దగా కనపడుతోంది. రాయి పక్కన ఒక రూపాయి బిళ్ళో పెన్నో పెట్టి తీయండి, అదెంత సైజో నాకు తెలియాలి కదా. అన్నింటికీ జవాబు రాసే చోటు లేదు, ఐదు ఉత్తరాలు మాత్రం తీసుకున్నాను.

"కొత్త ఇల్లు కట్టుకున్నాం సార్. వరండాలో పరిచిన నాపరాళ్ళలో ఒకదాని మీద అచ్చం ఆకుల కొమ్మ లాంటి నల్లటి బొమ్మ ఉంది. ఇది లక్షల ఏళ్ళ కిందటి చెట్టు, అమ్మితే డబ్బులొస్తాయి అని మేస్త్రీ అన్నాడు. మా వాడు ఫోటో తీసుకెళ్ళి స్కూల్లో కూడా చూపించాడు. నిజంగా శిలాజమేనా?" (ఒక గృహిణి, ప్రొద్దుటూరు)

కాదమ్మా. మీ వాడికి ఎలా చెప్తారో గానీ అది చెట్టు కాదు, మాంగనీసు. రాయిలో సన్నటి పగులు ఉంటే అందులోకి నీళ్ళు దిగుతాయి, ఆ నీళ్ళలో కరిగి ఉన్న మాంగనీసు, కొంచెం ఇనుము, పగులు వెంబడి పాకుతూ కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటాయి. చలికాలం కిటికీ అద్దం మీద మంచు గీతలు పడతాయని చదువుతాం చూడండి, అదే తరహా. దీన్ని డెండ్రైట్ అంటారు. ఊళ్ళల్లో చాలామంది దీన్ని చూసే మోసపోతారు, చదువుకునే రోజుల్లో నేనూ మోసపోయాను, కాబట్టి మేస్త్రీని ఏమీ అనకండి.

ఎలా గుర్తుపట్టాలంటే, ఆకుకు నడిమి ఈనె ఉంటుంది, రెండు పక్కలా ఒక లెక్కలో ఉంటుంది, దీనికి ఆ లెక్క ఉండదు, ఎక్కడ సందు దొరికితే అటు పోతుంది. బండ అంచు దగ్గరో ఏదో ఒక గీత దగ్గరో మొదలై లోపలికి విచ్చుకుంటూ పోయినట్టు ఉంటే అనుమానమే అక్కర్లేదు. వీటన్నిటినీ మించిన మాట ఇంకోటి ఉంది: మన బేతంచర్ల, కొలిమిగుండ్ల వైపు నాపరాయి సముద్రం అడుగున బురదగా పేరుకుంటున్న కాలానికి నేల మీద చెట్టు అనేదే పుట్టలేదు. ఇంకెక్కడి ఆకు?

అమ్ముడుపోదు గానీ, పాలిష్ పట్టించకుండా అలాగే ఉంచుకోండి. బాగుంటుంది.

"డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. డైనోసార్ ఎముకలు వెతకాలని చిన్నప్పటి నుంచి పిచ్చి. మన అనంతపురం, కడప జిల్లాల్లో ఎక్కడ వెతికితే దొరుకుతాయి? సుత్తి, ఉలి కొన్నాను." (ఒక విద్యార్థి, ధర్మవరం)

సుత్తి పక్కన పెట్టు తమ్ముడూ, ముందు లెక్క చూద్దాం. డైనోసార్లు సుమారు 23 కోట్ల ఏళ్ళ కిందట వచ్చి, పక్షులుగా మిగిలినవి తప్ప 6.6 కోట్ల ఏళ్ళ కిందట పోయాయి. నువ్వు కూర్చున్న ధర్మవరం గుట్టలు గ్రానైట్, నైస్ (లోతున వేడికి, ఒత్తిడికి మారిపోయిన రాయి) రాళ్ళు, సుమారు 250 కోట్ల ఏళ్ళవి. కరిగిన శిల చల్లారి గట్టిపడిన రాయిలో, అట్లా ఉడికి మారిన రాయిలో ఎముక ఎట్లా ఉంటుంది? తూర్పుకు పోతే తాడిపత్రి, పులివెందుల, వేంపల్లె రాళ్ళు నీటి అడుగున పొరలు పొరలుగా ఏర్పడ్డవే, శిలాజాలకు అనువైనవే, కానీ వాటి వయసు సుమారు 190 కోట్ల ఏళ్ళు. అప్పటికి ఎముక ఉన్న ప్రాణి సంగతి అటుంచు, కంటికి కనపడేంత జంతువే లేదు. డైనోసార్‌ను చూడాలంటే హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళ్ళు, గోదావరి లోయలో యామన్‌పల్లి దగ్గర తవ్వి తీసిన కోటసారస్ అస్థిపంజరం అక్కడ నిలబెట్టి ఉంది.

అయితే మన దగ్గర ఏమీ లేదనుకుంటే పొరపాటు. వేంపల్లె పేరుతోనే పిలిచే డోలమైట్ (సున్నపురాయి లాంటిదే) రాయిలో స్ట్రోమటోలైట్లు ఉన్నాయి. లోతు లేని సముద్రంలో జిగట చాప లాగా పరుచుకున్న సూక్ష్మజీవులు, మీదికి కొట్టుకొచ్చిన మట్టిని పట్టుకోవడం, ఎండ కోసం మళ్ళీ దాని మీదికి పాకడం, ఇట్లా పొర మీద పొర కట్టుకుంటూ పోతే మిగిలిన గుర్తులు అవి. అడ్డంగా తెగిన చోట కోసిన ఎర్రగడ్డలాగా చుట్లు చుట్లుగా కనపడతాయి, నిలువుగా తెగిన చోట బోర్లించిన గిన్నెల మీద గిన్నెలు పేర్చినట్టు ఉంటాయి. ఎండకు వానకు నలిగిన డోలమైట్ పైభాగం ఏనుగు తోలులా గీతలు పడి ఉంటుంది, ఆ తోలు కనపడితే అక్కడ ఆగి చుట్లు వెతుకు. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో బాగా తెలుస్తాయి, మిట్టమధ్యాహ్నం పోతే ఏమీ కనపడక తిట్టుకుంటూ వస్తావు. ఈ రకం జీవులే నీటిని విడగొట్టి గాలిలోకి ఆక్సిజన్ వదిలాయి, నువ్వూ నేనూ పీల్చేది వాళ్ళు మొదలుపెట్టిన సరుకే. నన్నడిగితే తొడ ఎముక కన్నా ఇదే గొప్ప.

ఎముకలే కావాలంటే ఒక్క దారి ఉంది, పాత కర్నూలు జిల్లా గుహలు. బేతంచర్ల దగ్గర బిల్లసర్గం గుహల్లో 1884–85లో భూవిజ్ఞాని రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ తవ్వితే గుట్టలకొద్దీ జంతువుల ఎముకలు బయటపడ్డాయి. వాటిని పరిశీలించిన రిచర్డ్ లిడెక్కర్ అందులో ఒక ఖడ్గమృగానికి మన ఊరి పేరే పెట్టాడు, రైనోసరస్ కర్నూలియెన్సిస్ అని. ఇప్పుడు కర్నూలులో ఖడ్గమృగం అంటే నవ్వుతారు. కానీ గమనించు, అవి రాయిలో దొరికినవి కావు, గుహ అడుగున పేరుకున్న మట్టిలో దొరికినవి. ఆ మట్టిలో ఏ పొరలో ఏముందన్నదే అసలు సమాచారం, సరదాకి ఒక గుంట తీస్తే అది శాశ్వతంగా పోతుంది. చూడు, ఫోటో తీయి, తవ్వకు.

"మా వైపు గిన్నెలు తోమడానికి వాడే తెల్లటి మెత్తటి మన్ను ఎక్కడో ఇండోనేషియా అగ్నిపర్వతం నుంచి వచ్చిందని మా అల్లుడు అంటాడు. హాస్యమా?" (ఒక రైతు, బనగానపల్లె దగ్గర)

హాస్యం కాదు పెద్దాయనా, మీ అల్లుడి మాట నిజం. సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం సుమారు 74,000 ఏళ్ళ కిందట పేలింది. రెండున్నర వేల కిలోమీటర్లు దాటి వచ్చిన ఆ బూడిద జుర్రేరు లోయలో, జ్వాలాపురం దగ్గర, మట్టి పొరల మధ్య మందంగా నిలిచిపోయింది. పురావస్తు పరిశోధకులు మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్‌కు చెందిన రవి కొరిసెట్టర్ బృందం అక్కడ తవ్వి 2007లో ఫలితాలు ప్రకటించారు. బూడిద కిందా రాతి పనిముట్లు దొరికాయి, బూడిద పైనా దాదాపు అదే రకం దొరికాయి. అంత పెద్ద పేలుడు తర్వాత కూడా ఆ లోయలో మనుషులు బతికి బయటపడ్డారేమో అన్న వాదన అక్కడి నుంచే వచ్చింది. ఆ బూడిద నిజానికి పొడైపోయిన గాజు, గిన్నెలు తళతళలాడేది అందుకే. తోమేటప్పుడు ముక్కులోకి పోనీయకండి.

"తొలకరికి మా బావ తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాలు వెతకడానికి పోతాడు. మా రాళ్ళ సరదా బృందం కూడా ఈసారి అక్కడికే పోదామనుకుంటోంది. ఏమంటారు?" (గుంతకల్లు నుంచి ఒకరు)

వద్దంటాను. వజ్రాలు అబద్ధం అని కాదు. వజ్రకరూరు చుట్టూ కింబర్లైట్ గొట్టాలు ఉన్నాయి, సుమారు 110 కోట్ల ఏళ్ళ కిందట భూమి లోపల నూట యాభై కిలోమీటర్ల కన్నా లోతు నుంచి దూసుకొచ్చిన శిల అది, వజ్రాన్ని మోసుకొచ్చేది అదే. కోట్ల ఏళ్ళుగా పైభాగం అరిగి కొట్టుకుపోయి రాళ్ళు చుట్టుపక్కల మన్నులో కలిశాయి, వాన పడి మన్ను కడిగేస్తే ఎక్కడో ఒకటి మెరుస్తుంది. అక్కడి దాకా నిజం. కానీ ఆ పొలం ఒకరిది, విత్తనం వేసే అదను అది, వందలమంది దున్నిన చాళ్ళు తొక్కుతుంటే ఆ రైతు ఎవరికి చెప్పుకోవాలి? దొరికిందాన్ని గుట్టుగా ఏ వ్యాపారికో అమ్ముకోవడం మీద చట్టం ఏమంటుందో మీ బావకు తెలియనిది కాదు.

మీ బావ సంచిలోవి చాలావరకు పలుగురాళ్ళే అయి ఉంటాయి. పలుగు స్ఫటికానికి ఆరు పక్కలు, కొసన మొన ఉంటుంది. వజ్రం స్ఫటికం ఎక్కువగా రెండు పిరమిడ్లు అడుగూ అడుగూ అతికించినట్టు ఎనిమిది ముఖాలతో ఉంటుంది, సానపట్టకముందు దాని మెరుపు నూనె రాసినట్టు జిడ్డుగా ఉంటుంది గానీ గాజులా ఉండదు. మీ బృందం ఆ వైపే పోవాలనుకుంటే ఎర్రగుడి గుండ్ల మీది అశోకుడి శాసనం చూసి రండి, రాయి కూడా చూసినట్టుంటుంది.

"మేం కడపలో పది పన్నెండు మందిమి. టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఒక డాక్టరు. నెలకొకసారి రాళ్ళు చూసే నడక, అప్పుడప్పుడు ఒక ఉపన్యాసం పెట్టుకోవాలని ఉంది. ఎవరికీ జియాలజీ రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?" (ఒక టీచరమ్మ, కడప)

గువ్వలచెరువు ఘాట్‌లో మొదలుపెట్టండి. పాలకోవా కోసం ఎన్నిసార్లు ఆగి ఉంటారో, ఈసారి కోవాకు ముందు రాయి చూడండి. రాయచోటి వైపు అంతా గ్రానైట్ గుండ్లు, కొండ ఎక్కేసరికి పొరలు పొరల క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుక. ఈ ఊరి పేరే ఆ రాతికి పెట్టారు, ఇంగ్లీషువాళ్ళ నోట్లో గుల్చేరు అయ్యింది. కింది గ్రానైట్‌కూ పై ఇసుకకూ మధ్య దాదాపు 50 కోట్ల ఏళ్ళ లెక్క లేదు, అంతకాలం కొండలు అరిగి కొట్టుకుపోయాయి. తిరుమల ఘాట్ రోడ్డులో బోర్డు పెట్టి జాతీయ భూవిజ్ఞాన స్మారకం అని చూపించేది కూడా ఇలాంటి ఖాళీనే.

రెండో నడక గండికోట. అందరూ పెన్నా లోయ అంచున సెల్ఫీ దిగి వచ్చేస్తారు, మీరు కాళ్ళ కింద చూడండి, పొరల మీద అలల గుర్తులు దొరకొచ్చు, ఏటి ఒడ్డున ఇసుక మీద చూస్తామే అచ్చం అవే. మూడోది వేంపల్లె వైపు, పైన ధర్మవరం తమ్ముడికి చెప్పిన చుట్ల కోసం. నిజానికి మన రాళ్ళ పేర్ల జాబితా చదివితే ఆర్టీసీ బస్టాండులో మైకు విన్నట్టే ఉంటుంది: వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, బనగానపల్లె, నార్జి, అవుకు, పాణ్యం, కోవెలకుంట్ల, నంద్యాల. విలియం కింగ్ అనే ఆయన ఈ ప్రాంతమంతా తిరిగి 1872లో రాసిన గ్రంథం దీనికంతటికీ మొదలు. జియలాజికల్ సర్వే వాళ్ళ భూకోశ్ వెబ్‌సైట్‌లో మ్యాపులు ఉచితంగా దొరుకుతాయి, పోయే ముందు ఒకసారి చూసుకోండి.

జాగ్రత్తలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే పెట్టుకోండి. ఒకసారి మే నెలలో పద్నాలుగు మందిని వెంటేసుకుని ఒక క్వారీకి పోయాను, చెప్పకుండా పోవడం నా తప్పు, మేం లోపల ఉండగా మందు పేలుస్తున్నామని కేకలు వేశారు, ఆ పరుగు ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుని నవ్వుతారు, నాకు మాత్రం నవ్వు రాదు. క్వారీకి ముందే అడిగి, పని లేని రోజు పోండి. శేషాచలం వైపు రిజర్వ్ ఫారెస్టులోకి అనుమతి లేకుండా అడుగు పెట్టొద్దు, ఎర్రచందనం అడవిలో సంచులతో తిరిగే పన్నెండు మందిని చూస్తే ఎవరైనా ఏమనుకుంటారు? అక్కడ రాయి కూడా అటవీ ఉత్పత్తి కిందికే వస్తుంది. పులివెందుల చుట్టుపక్కల రాతిలో దారాలు దారాలుగా పీచులాంటిది కనపడితే గోటితో కూడా గీకొద్దు, అది ఆస్‌బెస్టాస్, ఆ నలుసు ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. మీ డాక్టరు గారికి తెలిసే ఉంటుంది.

ఉపన్యాసాలకు యోగి వేమన యూనివర్సిటీలో అడగండి. కానీ వక్తకు ముందే రెండు మాటలు చెప్పండి: తెలుగులో చెప్పాలి, గంట మించకూడదు. మేం ఒకసారి పిలిచిన పెద్దమనిషి ఇంగ్లీషు స్లైడ్లు ఎనభై దాకా తెచ్చారు, ఇరవయ్యో దాని దగ్గర కరెంటు పోయింది, అప్పుడు ఆయన జేబులోంచి ఒక రాయి తీసి టార్చి వెలుగులో చూపిస్తూ మాట్లాడిన పావుగంటే అందరికీ గుర్తుంది. క్వారీలో ముప్ఫై ఏళ్ళు బండలు తీసిన ఒకరిని కూడా పిలవండి, పొర ఎటు విడిపోతుందో చేత్తో తట్టి చెప్పేవాళ్ళు వాళ్ళు. బస్సు ఖర్చులు, ఆ రోజు కూలి ఇవ్వడం మరవకండి.

రాళ్ళు ఏరుకోవడం గురించి కూడా అడిగారు. కొండకు అతుక్కుని ఉన్నది కొట్టొద్దు, కింద రాలి పడింది ఒకటి తెచ్చుకుంటే తెచ్చుకోండి, దాని మీద అక్కడికక్కడే నెంబరు రాసి, ఏ ఊరు, ఏ రోడ్డు, ఏ తేదీ అన్నది పుస్తకంలో ఎక్కించండి. ఇంటికొచ్చాక రాద్దాం అనుకుంటే కుదరదు. నేను అట్లా అనుకుని తెచ్చిన రెండు సంచుల రాళ్ళు ఎక్కడెక్కడివో తెలియక ఇప్పుడు మా ఇంటి కుండీల్లో కరివేపాకు చెట్టు మొదట్లో ఉన్నాయి.